రెండో సిజేరియన్ తర్వాత పొట్ట తగ్గట్లేదు, టమ్మీ టక్ చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి

మణికొండ_అమ్మ

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. నాకు 36. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ సిజేరియనే, చిన్నవాడికి మూడేళ్ళు నిండాయి. రెండో కాన్పు అయ్యాక 84 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 65. అన్నం తగ్గించి, పొద్దున్నే నడిచి, ఏడాదిన్నర పాటు నోరు కట్టుకుని తగ్గాను. ముఖం తగ్గింది, చేతులు తగ్గాయి, పెళ్ళినాటి జాకెట్లు మళ్ళీ పడుతున్నాయి. పొట్ట మాత్రం ఎవరిదో తెచ్చి నాకు అతికించినట్టు ఉంది. బొడ్డు కింద చర్మం వదులై, ముడతలు పడి, సిజేరియన్ గీత మీదకి వాలిపోతుంది. లంగా బొందు ఎక్కడ కట్టుకోవాలో కూడా తెలియట్లేదు. మడత పైన కడితే కుచ్చిళ్ళతో సహా జారిపోతుంది, కింద కడితే సాయంత్రానికి ఒరుసుకుని ఎర్రగా కమిలిపోతుంది.

పోయిన నెల పెళ్ళిలో మా ఆయనకి పిన్ని వరసయ్యే ఆవిడ అందరి ముందు "ఎన్నో నెల అమ్మా?" అని అడిగేసింది. అక్కడ నవ్వేసి ఊరుకున్నా.

టమ్మీ టక్ గురించి ఒక ప్లాస్టిక్ సర్జన్‌ని కలిశాను. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కింద గాటు పెట్టి, వదులు చర్మం తీసేసి, లోపల విడిపోయిన కండరాలు దగ్గరకి కుట్టి, బొడ్డుని కొత్త చోట కుదురుస్తామన్నారు. 2.6 లక్షలు, జీఎస్టీ వేరే. మా ఆయన "నీ ఇష్టం" అంటారు, ఆ మాట ఎంత ఇష్టంగా అంటారో పెళ్ళయిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. నొప్పి ఎలా ఉంటుంది, మళ్ళీ మామూలు పనులు ఎప్పటికి చేసుకోగలం, చిన్నవాడిని ఎత్తుకోవచ్చా, ఇన్సూరెన్స్ వస్తుందా, అసలు ఇది నాకు అవసరమా, ఏది తెలిస్తే అది చెప్పండి.

ఫిట్_శీను

సిస్టర్, అంత డబ్బు దండగ. రోజూ వంద క్రంచెస్, మూడు నిమిషాలు ప్లాంక్, చక్కెర బంద్. మూడు నెలల్లో ఫ్లాట్ అవుతుంది. ఈ కోతలన్నీ బద్ధకస్తుల షార్ట్‌కట్.

కాకినాడ_కాజా

శీను గారూ, 19 కిలోలు తగ్గిన మనిషికి బద్ధకం గురించి చెప్తున్నారు, ఒకసారి ఆవిడ రాసింది చదవండి. సాగిపోయిన చర్మం క్రంచెస్‌కి లోపలికి పోదు.

మణికొండ గారూ, నేను రెండేళ్ళ కిందట చేయించుకున్నాను. నాకూ ఇద్దరు పిల్లలు, ఒకటి మామూలు కాన్పు, రెండోది ఆపరేషన్. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మొదటి మూడు నాలుగు రోజులు చాలా కష్టం. సిజేరియన్ నొప్పిలాగే ఉంటుందని చెప్పారు గానీ నాకు అంతకంటే ఎక్కువే అనిపించింది, కండరాలు కుట్టినందువల్ల దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినట్టు ఉండేది, పక్కన ఎప్పుడూ ఒక దిండు పెట్టుకుని తుమ్ము వస్తుందనగానే పొట్టకి అదుముకునేదాన్ని. నిటారుగా నిలబడలేం, చర్మం లాగేస్తుంది, వారం పది రోజులు ముసలమ్మలా వంగే నడవాలి. దానికి నడుం నొప్పి అదనం. వెల్లకిలా చాపుకుని పడుకోవడం కుదరదు, వీపు వెనక ఎత్తు, మోకాళ్ళ కింద ఎత్తు. మేం రిక్లైనర్ కుర్చీ అద్దెకి తెచ్చుకున్నాం, అది లేకపోతే ఏమయ్యేదాన్నో.

డ్రెయిన్ల సంగతి ఎవరూ ముందు సరిగ్గా చెప్పరు. పొట్ట కింద రెండు వైపులా సన్నటి గొట్టాలు, వాటి చివర ప్లాస్టిక్ బుడ్డీలు, అందులోకి ఎర్రటి నీళ్ళు దిగుతుంటాయి. ఆ బుడ్డీలని నైటీకి పిన్నీసులతో తగిలించుకుని తిరిగాను. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మా అమ్మ వాటిని ఖాళీ చేసి ఎన్ని ఎమ్మెల్ వచ్చిందో పాల లెక్క పుస్తకంలో రాసేది. అది బాగా తగ్గాకే తీస్తారు.

ఆరు వారాలు బరువు ఎత్తకూడదు అంటే నిజంగానే ఎత్తకూడదు. నీళ్ళ బిందె వద్దు, గ్యాస్ సిలిండర్ జరపొద్దు, పిల్లాడిని ఎత్తుకోవడం అసలే వద్దు. వాడు ఏడుస్తూ చేతులు చాపితే మనం కుర్చీలో కూర్చుని వాడిని పక్కకి ఎక్కించుకోవాలి తప్ప వంగి ఎత్తకూడదు. కింద కూర్చుని లేవడం, ఇండియన్ టాయిలెట్ వాడడం నాకు రెండు నెలలు కుదరలేదు. వంటింట్లోకి నాలుగో వారంలో వెళ్ళాను, అదీ నిలబడి టీ పెట్టుకునేంత వరకే.

ఇప్పుడు? సంతోషంగా ఉన్నాను. చీర కుచ్చిళ్ళు కుదురుగా నిలబడుతున్నాయి. మచ్చ మాత్రం ఇంకా ఉంది, మొదటి ఆరు నెలలు గోధుమ ఎరుపులో లావుగా ఉండేది, ఇప్పుడు సన్నబడి రంగు తగ్గింది, పూర్తిగా పోదు. బొడ్డు కింద అరచేయంత మేర ఇప్పటికీ స్పర్శ సరిగ్గా లేదు. ఆ తిమ్మిరి ఉన్నచోట వేడినీళ్ళ బ్యాగ్ పెట్టకండి, కాలినా తెలియదు.

ఫిజియో_విశాఖ

నేను ఫిజియోథెరపిస్టుని, కాన్పు తర్వాత వచ్చేవాళ్ళని ఎక్కువగా చూస్తాను. శీను గారి సలహా పాటించకండి. కండరాలు విడిపోయి ఉన్నప్పుడు క్రంచెస్ చేస్తే పొట్ట మధ్యలో గూడుకట్టినట్టు పైకి ఉబికి వస్తుంది, ఉన్న ఎడం ఇంకా ఇబ్బంది పెడుతుంది.

నెలలు నిండేసరికి దాదాపు ప్రతి గర్భిణికీ పొట్ట ముందుండే రెండు నిలువు కండరాల మధ్య ఎడం వస్తుంది, దీన్ని డయాస్టాసిస్ రెక్టై అంటారు. చాలామందికి కాన్పు అయిన కొన్ని నెలల్లో అది తనంతట తనే తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. సిజేరియన్ వల్లే పొట్ట వచ్చిందని చాలామంది అనుకుంటారు, తెలంగాణలో అయితే ఆ మాట ఇంటింటా వినిపిస్తుంది, ఎందుకంటే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అక్కడ 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రాలో 42.4 శాతం. కానీ ఎడం వచ్చేది గర్భం వల్ల, మామూలు కాన్పు అయినవాళ్ళకీ వస్తుంది. సిజేరియన్ చేసేది గీత దగ్గర చర్మం లోపలికి అతుక్కుపోయేలా చేయడం, అందుకే దాని పైన మడత వాలినట్టు కనిపిస్తుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, తల కాస్త పైకెత్తి, బొడ్డు దగ్గర, దాని పైన, కింద వేళ్ళు అడ్డంగా పెట్టి నొక్కండి. రెండు వేళ్ళకంటే ఎక్కువ దిగితే ఎడం ఉన్నట్టే లెక్క. ఎన్ని వేళ్ళన్నది ఒకటే కాదు, నొక్కినప్పుడు అడుగు గట్టిగా తగులుతోందా మెత్తగా దిగిపోతోందా అన్నదీ చెప్పండి.

ఇంకోటి, ఇది మగవాళ్ళకీ వర్తిస్తుంది. పొట్ట గుండ్రంగా గట్టిగా ముందుకు ఉండి, పిడికిటితో పట్టుకుంటే చేతికి పెద్దగా ఏమీ రాకపోతే ఆ కొవ్వు లోపల పేగుల చుట్టూ ఉన్నట్టు. దాన్ని టమ్మీ టక్‌లోనూ తీయరు, గొట్టంతో కొవ్వు పీల్చే లైపోలోనూ తీయరు. దానికి తిండీ నడకే దిక్కు. అది తగ్గకుండా ఆపరేషన్‌కి వెళ్తే డబ్బూ పోతుంది, పొట్టా అలాగే ఉంటుంది.

మణికొండ_అమ్మ

చూసుకున్నాను. బొడ్డు దగ్గర నాలుగు వేళ్ళు హాయిగా దిగాయి, అడుగు మెత్తగా ఉంది. ఇంకో సంగతి, దగ్గినప్పుడు బొడ్డు పక్కన ఉసిరికాయంత ఉబ్బు వస్తోంది, పడుకుంటే పోతోంది. సర్జన్ గారు దాని గురించి ఏమీ అనలేదు, నేనూ చెప్పలేదు.

ఫిజియో_విశాఖ

అది బొడ్డు హెర్నియా కావచ్చు. ముందు పొట్ట గోడకి అల్ట్రాసౌండ్ చేయించండి, ఎడం ఎంతో హెర్నియా ఉందో లేదో రెండూ తెలుస్తాయి. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పి, వాంతులు మొదలైనా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళిపోండి. హెర్నియా ఉంటే మీ కథ వేరు. అప్పుడు జనరల్ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్ ఇద్దరూ కలిసి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఒకేసారి రెండూ చేసేటప్పుడు బొడ్డుకి రక్తం అందే దారి దెబ్బతినకుండా ముందే ఆలోచించుకోవాలి.

గుంటూరు_పెద్దక్క

ఇవన్నీ చదివాక ఊరుకోలేక రాస్తున్నా. మా కాలంలో కాన్పు అయిన నాటి నుంచే పాత కాటన్ చీర చించి నడుముకి బిగించి కట్టేవాళ్ళు, బాలింతలకి పెట్టే మూలికల కాయం పెట్టేవాళ్ళు, నలభై రోజులు మంచం దిగనిచ్చేవాళ్ళు కాదు. ముగ్గురిని కన్నా నాకు పొట్ట రాలేదు. ఇప్పుడు మూడో రోజుకే డిశ్చార్జ్, మూడో నెలకే ఆఫీసు. ఇద్దరు బిడ్డల్ని మోసిన పొట్ట అది, అలాగే ఉంటుంది మరి, దానికి కత్తి పెట్టించుకోవడం ఏమిటి? 2015లో ఆర్తి అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందే లైపో చేయించుకుందని పేపర్లన్నీ రాశాయి. ముప్పై ఒక్కేళ్ళ పిల్ల. నీకు చిన్న పిల్లలున్నారమ్మా, అది గుర్తుపెట్టుకో.

కాకినాడ_కాజా

పెద్దక్కా, మీ ప్రేమ అర్థమైంది గానీ, పెళ్ళిలో "ఎన్నో నెల" అని అడిగే వాళ్ళకి కూడా కాస్త ఇలాగే చెప్పండి.

ఫిజియో_విశాఖ

చీర కట్టు గురించి. కాన్పు అయిన కొత్తలో నడుముకి కాస్త ఆసరాగా ఉంటుంది, లేచి కూర్చోవడం తేలికవుతుంది, అంతవరకు మంచిదే. కానీ అది ఎడాన్ని పూడ్చదు. మరీ బిగిస్తే ఒత్తిడి కిందకి, గర్భసంచీ మూత్రాశయం వైపు పడుతుంది, దగ్గితే చుక్క పడే సమస్య ఉన్నవాళ్ళకి అది ఎక్కువవుతుంది. మీకు పొట్ట రాలేదంటే చర్మం సాగే గుణం, వయసు, బరువు ఎంత పెరిగారు, ఇవన్నీ కలిసొచ్చాయి. ఆ నలభై రోజులు ఎవరో ఒకరు అన్నీ అమర్చి పెట్టడం మాత్రం నిజంగా గొప్ప సంగతి, ఇప్పుడు దొరకనిది అదే.

తెనాలి_తమ్ముడు

అక్కా, ఇది ఆడవాళ్ళ చర్చ అనుకుని రాయాలా వద్దా అని ఆగాను. నేను మగాణ్ణి, బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ అయ్యాక 142 నుంచి 84కి వచ్చాను. అందరూ "ఏరా సగం అయిపోయావ్" అని మెచ్చుకుంటారు, చొక్కా విప్పితే ఏముందో వాళ్ళకి తెలియదు. బైకు మీద కూర్చుంటే పొట్ట చర్మం పెట్రోల్ ట్యాంకు మీద పరుచుకునేది. ఎండాకాలం మడత కింద చెమట పట్టి, ఒరుసుకుని, పుండు పడి, వాసన. పౌడర్ కొడితే ముద్ద కట్టేది, అందుకే మెత్తటి కాటన్ గుడ్డ మడత పెట్టి లోపల దూర్చుకుని షాపులో కూర్చునేవాణ్ణి. ఫంగస్ క్రీము మానగానే మళ్ళీ మొదలు.

బాగా తగ్గినవాళ్ళకి మీరనుకునే మామూలు టమ్మీ టక్ సరిపోదు. అడ్డంగానే కాదు, నిలువుగా కూడా చర్మం మిగిలిపోతుంది, అందుకని నాకు రొమ్ము ఎముక కింద నుంచి కిందదాకా ఒక నిలువు గాటు, కింద అడ్డ గాటు, రెండూ పెట్టారు. అంటే మచ్చ తలకిందులైన టీ ఆకారంలో ఉంటుంది. వీపు, పిరుదుల చర్మం కూడా జారినవాళ్ళకి చుట్టూ తీసే ఆపరేషన్ ఉందట, అది నేను చేయించుకోలేదు.

బరువు తగ్గగానే వెంటనే చేయరు. బేరియాట్రిక్ తర్వాత ఏడాది ఏడాదిన్నర ఆగమంటారు, అందులో చివరి ఆరు నెలలు బరువు పెద్దగా మారకుండా ఉండాలి. నా విషయంలో రక్తం, ఐరన్, బీ12, ప్రోటీన్ చూసి తక్కువ ఉన్నాయని ఇంకా ఆపారు. అప్పుడు చిరాకేసింది గానీ గాయం మానేది ఆ ప్రోటీన్‌తోనే అని తర్వాత తెలిసింది. సిగరెట్ తాగేవాళ్ళుంటే కనీసం నెల ముందు మానాలి, అబద్ధం చెప్పి తాగితే కుట్ల దగ్గర చర్మం నల్లబడి ఊడిపోయే ప్రమాదం ఉంది, నా పక్క బెడ్ ఆయనది చూశాను.

పాలసీ_పంతులు

ఇన్సూరెన్స్ అడిగారు కదా. ఆరోగ్య పాలసీలన్నింట్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన మినహాయింపుల జాబితా ఒకటి ఉంటుంది, అందులో కాస్మెటిక్ సర్జరీకి కోడ్ ఎక్స్‌క్లూజన్ 08. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేయడానికో, లేదా వైద్యపరంగా తప్పనిసరి అని డాక్టర్ ధ్రువీకరిస్తేనో తప్ప రూపాయి రాదు. పిల్లలు పుట్టాక పొట్ట జారింది అంటే వాళ్ళు ఒప్పుకోరు.

హెర్నియా అయితే వస్తుంది, అది జబ్బు. చాలా పాలసీల్లో దానికి రెండేళ్ళ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, మీ పాలసీ ఎప్పుడు మొదలైందో చూసుకోండి. రెండూ ఒకేసారి చేయించుకుంటే హెర్నియా ఖర్చు ఒక బిల్లు, టమ్మీ టక్ ఖర్చు ఒక బిల్లు, విడివిడిగా అడగండి. కొన్ని చోట్ల "మొత్తం హెర్నియా కింద రాసేస్తాం మేడం, మీరేం టెన్షన్ పడకండి" అంటారు, దానికి తల ఊపొద్దు. ఆపరేషన్ నోట్స్ తెప్పించుకుని చూస్తారు, దొరికితే క్లెయిమ్ పోవడమే కాదు, పాలసీయే రద్దు చేస్తారు.

జీఎస్టీ 18 శాతం. మామూలు వైద్యానికి పన్ను లేదు, కాస్మెటిక్‌కి ఉంది. మీకు చెప్పిన 2.6 లక్షల మీద 46,800 అవుతుంది, దానికి పొట్టకి బిగించి కట్టుకునే బైండర్లు, మందులు, రూము, మత్తు డాక్టర్ ఫీజు కలిసున్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్యశ్రీలో ఇది లేదు, అడిగి లాభం లేదు.

వరంగల్_వైష్

నేను రాయకూడదు అనుకున్నా గానీ ఈవిడ కోసం రాస్తున్నా. నేను ఇన్‌స్టాలో రీల్స్ చూసి ఒక కాస్మెటిక్ సెంటర్‌కి వెళ్ళాను. ఏసీ హాలు, సోఫాలు, కౌన్సెలర్ అమ్మాయి, "ఈ వారంలో బుక్ చేసుకుంటే 40 వేలు డిస్కౌంట్". డాక్టర్ ఐదు నిమిషాలు కూడా కూర్చోలేదు. అప్పటికి నాకు పాప పాలు మానేసి రెండు నెలలు కూడా కాలేదు, ఎవరూ అడగలేదు. చేసిన డాక్టర్ అసలు ప్లాస్టిక్ సర్జనే కాదని తర్వాత మా తమ్ముడు వెతికితే తెలిసింది.

ఇంటికొచ్చాక పొట్టలో నీరు చేరింది, సీరోమా అంటారు, నడిస్తే లోపల నీళ్ళు కదిలినట్టు తెలిసేది. వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. చివరికి వేరే ఆసుపత్రిలో ఒక ప్లాస్టిక్ సర్జన్ వారం వారం సూదితో తీశారు, ఆవిడ చెప్పింది సీరోమా ఎవరికైనా రావచ్చు, ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా వచ్చే ఇబ్బంది అదే, కాకపోతే వచ్చినప్పుడు చూసే మనిషి ఉండాలి. ఇప్పుడు తుంటి దగ్గర రెండు చివర్లా చర్మం చెవుల్లా పొడుచుకొచ్చి ఉంది, బొడ్డు ఒక పక్కకి ఉంది. సరిచేయాలంటే మళ్ళీ డబ్బు. ఆ సెంటర్ మీద కంప్లయింట్ ఇచ్చాను, నడుస్తోంది.

నిర్వాహకులు

వైష్ గారికి ప్రైవేటు మెసేజీలు పెట్టి ఏ సెంటర్ అని అడుగుతున్నారట, దయచేసి ఆపండి. ఈ చర్చలో క్లినిక్‌ల పేర్లు, డాక్టర్ల నంబర్లు, ముందు తర్వాత ఫొటోలు పెడితే తీసేస్తాం.

నైట్‌షిఫ్ట్_మత్తు

నేను అనస్థటిస్ట్‌ని, అంటే మత్తు డాక్టర్‌ని. పెద్దక్క గారు రాసిన ఆర్తి అగర్వాల్ విషయం, ఆ ఆపరేషన్ వల్లే అని మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం, లైపో వేరు ఇది వేరు. కానీ ఆవిడ భయం ఉత్తిది కాదు. అందం కోసం చేసే ఆపరేషన్లలో కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి వెళ్ళే ప్రమాదం ఎక్కువ ఉన్నవాటిలో టమ్మీ టక్ ఒకటి. అరుదే, కానీ వస్తే నిమిషాల మీద పని. అందుకే ఆపరేషన్ రోజు సాయంత్రమో మరుసటి పొద్దునో లేపి నడిపిస్తారు, ఎంత నొప్పి ఉన్నా నడవండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. ఇంటికొచ్చాక ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడిచినట్టున్నా "గ్యాస్ ఏమో" అని జీలకర్ర నీళ్ళు తాగుతూ కూర్చోవద్దు, రాత్రి రెండైనా ఎమర్జెన్సీకే.

సెంటర్‌కి వెళ్ళినప్పుడు అక్కడి సోఫాలు చూడకండి. మత్తు ఇచ్చేదెవరు, ఆపరేషన్ అయ్యాక రాత్రి ఎవరుంటారు, ఐసీయూ ఉందా, రక్తం కావాలంటే ఎక్కడి నుంచి తెస్తారు, అడగండి. సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) గానీ డిగ్రీ ఉండాలి. "కాస్మెటాలజీ ఫెలోషిప్" అన్నది దానికి సమానం కాదు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లోనో, నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్ రిజిస్టర్‌లోనో వెతికి చూసుకోవచ్చు. అడిగితే చిరాకుపడే డాక్టర్ దగ్గర లేచి వచ్చేయండి.

సికింద్రాబాద్_సన్నీ

డాక్టర్ గారూ ఒక్క డౌట్. నేను బరువు తగ్గే ఇంజెక్షన్ మౌంజారో మీద ఉన్నా, 22 కిలోలు తగ్గా, చర్మం జారింది. ఇప్పుడే చేయించుకోవచ్చా?

నైట్‌షిఫ్ట్_మత్తు

ఇంకా తగ్గుతున్నారా, ఆగారా? తగ్గుతూ ఉంటే ఇప్పుడు తీసిన చర్మం వృథా, మళ్ళీ జారుతుంది. ఆ ఇంజెక్షన్ ఆపాక బరువు తిరిగి వచ్చేవాళ్ళు చాలామంది, కాబట్టి ముందు ఒకచోట నిలవాలి. ఇంకోటి, ఆ మందు వల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. రాత్రి నుంచి ఏమీ తినకపోయినా మత్తిచ్చేటప్పుడు కడుపులో తిండి ఉండి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు. ఏ చిన్న ఆపరేషన్ అయినా సరే ఆ ఇంజెక్షన్ సంగతి, చివరి డోసు ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. ఎన్నాళ్ళ ముందు ఆపాలో వాళ్ళే చెప్తారు, మీ అంతట మీరు ఆపొద్దు.

ఫ్రిస్కో_పద్దు

టెక్సస్ నుంచి. ఇక్కడ కూడా టమ్మీ టక్‌కి ఇన్సూరెన్స్ రాదు. కానీ వేలాడే మడత బాగా కిందకి వచ్చి, దాని కింద మందులకి తగ్గని పుండ్లు నెలల తరబడి ఉన్నాయని డాక్టర్ రికార్డులు, ఫొటోలు ఉంటే, ఆ మడత ఒక్కటి తీసే ఆపరేషన్‌కి కొన్నిసార్లు ఒప్పుకుంటారు. పానిక్యులెక్టమీ అంటారు. అందులో కండరాలు కుట్టరు, బొడ్డు సంగతి పట్టించుకోరు, నడుము ఆకారం రాదు. తెనాలి తమ్ముడిలాంటి వాళ్ళకి ఉపయోగం, నాలాంటి కాన్పు పొట్టకి కాదు. నాకు చెప్పిన రేటు వింటే హైదరాబాద్ వచ్చి చేయించుకుని మూడు వారాల్లో తిరిగి వచ్చేయొచ్చు అనిపిస్తోంది. అమ్మ కూడా అక్కడే ఉంది. ఎవరైనా అలా చేశారా?

నైట్‌షిఫ్ట్_మత్తు

వచ్చి చేయించుకోవడం తప్పు కాదు, మూడు వారాలు చాలదు. పద్దెనిమిది ఇరవై గంటలు విమానంలో ముడుచుకుని కూర్చోవడం, కొత్తగా ఆపరేషన్ అయిన మనిషికి, గడ్డల భయం గురించి పైన రాశాను. కనీసం ఆరు వారాలు ఉండేలా రండి, వచ్చిన మరుసటి రోజే టేబుల్ ఎక్కొద్దు. తిరిగి వెళ్ళాక సీరోమా వస్తే అక్కడ ఎవరు చూస్తారో వచ్చేముందే మాట్లాడుకోండి, వేరేచోట చేసిన ఆపరేషన్‌ని ముట్టుకోవడానికి చాలామంది ఇష్టపడరు.

ఫ్రిస్కో_పద్దు

ఆరు వారాల సెలవు అంటే మా మేనేజర్ నన్ను అక్కడే ఉండిపొమ్మంటాడు. ఆలోచిస్తా. థాంక్స్ డాక్టర్ గారూ.

గుంటూరు_పెద్దక్క

మణికొండ అమ్మాయ్, ఇంకో బిడ్డ ఆలోచన ఏమైనా ఉందా? ఉంటే ముందు అది తేల్చుకో.

కాకినాడ_కాజా

ఇది నిజం. నా సర్జన్ మొదట అడిగింది ఇదే. ఆపరేషన్ తర్వాత గర్భం వస్తే ప్రమాదమని కాదు, మోయొచ్చు, కనొచ్చు, కానీ కుట్టిన కండరాలు, బిగించిన చర్మం మళ్ళీ సాగిపోతాయి. ఇంకా పాలిస్తున్నవాళ్ళు అయితే పాలు మానేశాక కొన్ని నెలలు ఆగమంటారు. ఇంకో మాట, చారలన్నీ పోతాయనుకోకు. బొడ్డు కింద కోసి తీసేసే చర్మం మీద ఉన్నవే పోతాయి, పైన ఉన్నవి కిందకి దిగి అలాగే కనిపిస్తాయి.

మణికొండ_అమ్మ

అందరికీ పేరుపేరునా థాంక్స్. పెద్దక్కా, ఇద్దరితో చాలు, ట్యూబెక్టమీ కూడా అయిపోయింది. శీను గారు మాయమైపోయారు, ప్లాంక్ వేస్తున్నారేమో.

స్కాన్ చేయించాను. బొడ్డు దగ్గర కండరాల ఎడం 4 సెంటీమీటర్లు, చిన్న హెర్నియా ఉంది. జనరల్ సర్జన్ తొందరేమీ లేదు గానీ ఎప్పటికైనా చేయించాల్సిందే అన్నారు. మా పాలసీకి మూడేళ్ళు దాటింది, హెర్నియా వరకు అప్రూవల్ అడుగుతున్నాం, మిగతాది మా చేతి డబ్బే. మొదట కలిసిన సర్జన్ రిజిస్టర్‌లో ఉన్నారు, ఎంసీహెచ్ ఉంది, ఆ భయం లేదు. అయినా హెర్నియా సంగతి చెప్పి ఇంకొకరిని కూడా కలుస్తున్నాను. ఈలోపు ఫిజియో మొదలుపెట్టాను, పడుకుని ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి తీసుకోవడం, చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ చెమటలు పడుతున్నాయి. నడుం నొప్పి కాస్త తగ్గింది.

అసలు చిక్కు ఇంట్లో వచ్చింది. ఆరు వారాలు పిల్లల్ని స్నానం చేయించడం, బాక్సులు కట్టడం, చిన్నవాణ్ణి బస్సు ఎక్కించడం ఎవరు చేస్తారు అని కూర్చుని లెక్క వేశాం. మా అమ్మ మూడు వారాలు వస్తానంది, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మిగతా మూడు వారాలు మా ఆయనే. "సరే, చేస్తాను" అన్నారు. అంటే సరిపోదు, ఇప్పుడే రెండు వారాలు చేసి చూపించండి అన్నాను. మొన్న సోమవారం మొదలైంది. బుధవారం చిన్నవాడు సాక్సు లేకుండా స్కూలుకి వెళ్ళాడు, టిఫిన్ బాక్సులో చట్నీ మాత్రమే ఉంది, ఇడ్లీ స్టవ్ మీదే ఉండిపోయింది. చూద్దాం. అంతా కుదిరితే సంక్రాంతి అయ్యాక, ఎండలు ముదరకముందే, ఆ బైండర్ కట్టుకుని ఉక్కలో ఉండలేను కదా.

కాకినాడ_కాజా

ఎండలకి ముందే మంచిది. బైండర్లు రెండు ఉంచుకో, ఒకటి ఉతికి ఆరేసినప్పుడు ఇంకోటి. ముందే కొనకు, వాపు వల్ల కొలత మారుతుంది, ఆసుపత్రి వాళ్ళు చెప్పిన సైజే తీసుకో. పలచటి కాటన్ బనియన్ లోపల వేసుకుంటే ఒరుసుకోదు. వాపు పూర్తిగా తగ్గడానికి ఆరు నెలలైనా పడుతుంది, రెండో నెలలో అద్దం ముందు నిలబడి ఏడవకు, నేను ఏడ్చాను.

గుంటూరు_పెద్దక్క

సరేలే, చేయించుకునేదానివి చేయించుకుంటావ్. ఆ తర్వాత పథ్యం ఏం పెడతారు? కాయం తినొచ్చా?

కాకినాడ_కాజా

పథ్యం ఏమీ లేదు పెద్దక్కా. పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు బాగా తినమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు, పచ్చళ్ళు కొన్నాళ్ళు పక్కన పెట్టమన్నారు. విరేచనం గట్టిపడకుండా చూసుకోవాలి, ముక్కితే కుట్ల మీద భారం, నొప్పి మాత్రలకి ఎలాగూ బిగుసుకుపోతుంది, అందుకని రాత్రిపూట నానబెట్టిన కిస్మిస్, డాక్టర్ ఇచ్చిన సిరప్. కాయం సంగతి సర్జన్‌ని అడిగి తినడమే మంచిది, కొన్ని మూలికలు రక్తాన్ని పలచబరుస్తాయని ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచీ నాకు ఆపేయించారు.